ఖాళీ కడుపుల కాపలా

ఆ వేసవిలో మా అత్తగారు నాతో పాటు విమానం ఎక్కడం చూసి, ఈ వయసులో పరాయి దేశం వెళ్ళి పసిపిల్లలకు సేవ చేస్తున్నారని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఆవిడ వస్తున్నది నా మీద నిఘాకని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆవిడకీ తెలుసు. ఇద్దరం పక్కపక్క సీట్లలో, ఒకరి బెల్టు ఒకరం సర్దుకుంటూ, ఎంతో అన్యోన్యంగా సముద్రం దాటాం.

నేను మత్తు డాక్టర్ని. ఏటా వేసవి సెలవుల్లో ఒక డాక్టర్ల బృందంతో వెళ్ళి, గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసి వస్తుంటాను. పై పెదవి చీలి పుడతారు వాళ్ళు. కొందరికి నోట్లో అంగిలి కూడా చీలి ఉంటుంది. కుట్టేది మా పెద్ద డాక్టరు. కుట్టినంతసేపూ పిల్లని నిద్రపుచ్చి, ఊపిరి కనిపెట్టుకుని ఉండి, మళ్ళీ లేపి తల్లి ఒళ్ళో పెట్టేది నేను. నా బతుకులో నేను చేసిన పనులన్నిటిలోకీ నాకు ఇష్టమైన పని అదే.

మొదట్లో మా ఆయన దీని గురించి నలుగురికీ గొప్పగా చెప్పుకునేవారు. తర్వాత తర్వాత "నీకున్న సెలవంతా అక్కడే అయిపోతోంది" అనడం మొదలుపెట్టారు. ఆ పై ఏడు ఆ మాట కూడా అనలేదు, మాటే తగ్గించేశారు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. అత్తగారు మాత్రం ఊరుకునే మనిషి కాదు. పెద్ద డాక్టరుకి భార్య పోయి చాలాకాలమైందన్న కబురు ఆవిడ చెవిన ఎవరు వేశారో గానీ, అప్పటి నుంచీ నేను పెట్టె సర్దినప్పుడల్లా గుమ్మంలో నిలబడి ఏ చీరలు పెడుతున్నానో చూసేవారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆవిడకి పొగ కూడా అక్కర్లేదు, అగ్గిపెట్టె కనిపిస్తే చాలు.

తల్లీ కొడుకులు వాళ్ళలో వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఒకరోజు భోజనాల దగ్గర తీర్పు వచ్చింది. ఈసారి అత్తగారు కూడా వస్తారు. అన్నీ చూస్తారు. ఆవిడ సరేనంటే వచ్చే ఏడు నేను మళ్ళీ వెళ్ళొచ్చు, కాదంటే ఇదే ఆఖరు. దీన్నంతా మా ఆయన "అమ్మకీ కాస్త మార్పుగా ఉంటుంది" అన్న ఒక్క మాటలో చుట్టి నా ముందు పెట్టారు. గొడవ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే ఏదో దాచుకుంటున్నానని రుజువైపోతుంది. అందుకని రమ్మనమన్నాను. ఒళ్ళు మాత్రం మండిపోయింది.

అత్తగారి గురించి ఒక్క ముక్క చెప్పాలి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెత ఎవరో మా ఇల్లు చూసే పుట్టించారని నా నమ్మకం. కూర ఉప్పగా ఉంటే ఆ ఉప్పు మంచిది కాదు. పాలు పొంగిపోతే ఆ స్టవ్వు మంచిది కాదు. తప్పు నాదే అన్న మాట ఆవిడ నోట, నేను ఆ ఇంట్లో కాలుపెట్టిన నాటి నుంచీ వినలేదు.

ఆస్పత్రి పాతది. ఒక పొడుగాటి వసారా, దాని చివర ఆపరేషన్ గది. వసారాలో గోడ వెంట బెంచీలు, బెంచీల నిండా పిల్లలు, తల్లులు, అమ్మమ్మలు. మా బృందంలో తలో దేశం వాళ్ళం. తెలుగు వచ్చినవాళ్ళు నేనూ అత్తగారూ తప్ప మరొకరు లేరు. ఆ ఊరి బడిలో పాఠం చెప్పే టీచరమ్మ ఒకావిడ మా మాట వాళ్ళకీ, వాళ్ళ మాట మాకూ ఇంగ్లీషులో చేరవేసేది.

వచ్చినవాళ్ళు ఎవరూ ఊరికే కూర్చోకూడదని మా బృందంలో నియమం. అత్తగారికి ఏ పని ఇద్దామని పెద్ద డాక్టరు అడిగితే, తలుపు దగ్గర కాపలా ఇప్పించాను.

ఈ కాపలా ఎందుకంటే, మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. కడుపులో ఏదైనా ఉంటే మత్తులో అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్ల మనకు దక్కకపోవచ్చు. అన్నమైనా పాలైనా ఆరు గంటల ఎడం ఉండి తీరాలి. ఉత్త మంచినీళ్ళయితే రెండు గంటలు చాలు. చెప్పడం తేలిక, చేయించడం గగనం. ఏ దేశం వెళ్ళినా పెద్దవాళ్ళకి ఒకటే రోగం, పిల్ల ఆకలంటే చూడలేరు. ఇంత పెట్టి పంపితే లోపల తట్టుకుంటుందనుకుంటారు. శాలువా చాటున ఒకరు, మరుగుదొడ్డి వెనక ఒకరు, మా కళ్ళుగప్పి పిల్లల నోట్లో ఏదో ఒకటి పెట్టేస్తుంటారు. అందుకే తలుపు దగ్గర ఒక మనిషి కూర్చుని ఎవరు ఏం తింటున్నారో కనిపెట్టాలి. పుట్టుకతోనే అనుమానం అబ్బిన మనిషికి ఇంతకన్నా తగిన కొలువు ఎక్కడ దొరుకుతుంది?

అత్తగారు ఆ కొలువులో రాణించారని ఒప్పుకోవాలి. స్టూలు తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. లోపలికి పోయే ప్రతి పిల్లనీ నోరు తెరవమనేవారు, అరచేతులు వాసన చూసేవారు, జేబులు తడిమేవారు. భాష రాకపోయినా ఆవిడ చూపుకి టీచరమ్మ అవసరం పడేది కాదు. రెండో రోజే ఒక ముసలావిడ శాలువాలోంచి అరటిపండు పైకి లాగారు. సగం కొరికిన పండు. ఆ పిల్లాడి ఆపరేషను సాయంత్రానికి మార్చాం. నర్సులు ఆ రోజు నుంచి ఆవిడని 'పోలీసు' అని పిలవడం మొదలుపెట్టారు. టీచరమ్మ అర్థం చెప్పకుండానే ఆవిడకి అర్థమైంది, నచ్చింది కూడా.

అయితే పోలీసుకి రెండు బీట్లు. తలుపు దగ్గర కూర్చుని ఒక కన్ను పిల్లల మీద, ఒక కన్ను నా మీద. పెద్ద డాక్టరు నాకు కాఫీ అందిస్తే, ఆయన ఎన్ని చెంచాల చక్కెర వేశారో కూడా చూసేవారు. "నీకు చక్కెర తక్కువని ఆయనకి ఎవరు చెప్పారు?" అని ఒకసారి అడిగారు. కలిసి పనిచేసేవాళ్ళకి తెలుస్తుందత్తయ్యా అంటే, అవును మరి అన్నారు. ఆ 'అవును మరి'తో నాకు రెండు రోజులు తల తినేసినట్టయింది.

సాయంత్రం కాగానే వసారా చివరికి వెళ్ళి కొడుక్కి ఫోను చేసేవారు. నేను అటుగా వస్తే గొంతు తగ్గించేసేవారు. నేను కూడా తక్కువ తిన్నానా? కిటికీ ఇవతల నిలబడి వినడానికి ప్రయత్నించాను. అనుమానం కూడా అంటువ్యాధే.

ఆ వసారాలో అందరికీ అంటుకుంది అది. ఊరికే ఆపరేషన్లు ఎవరు చేస్తారు, రక్తం తీసుకుంటారట, పిల్లల్ని పట్టుకుపోతారట అని బయట చెప్పుకుంటున్నారని టీచరమ్మ నాకు చెప్పింది. వాళ్ళకి మా మీద నమ్మకం లేదు, మాకు వాళ్ళ చేతుల మీద నమ్మకం లేదు, అత్తకి కోడలి మీద లేదు, కోడలికి అత్త మీద లేదు. అయినా ఆపరేషన్లు జరుగుతూనే ఉన్నాయి, పిల్లలు కొత్త పెదవులతో ఇళ్ళకి పోతూనే ఉన్నారు.

తాపీ మేస్త్రి వచ్చింది అప్పుడే. నాలుగేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని ఒంటరిగా వచ్చాడు. పిల్లకి పెదవీ అంగిలీ రెండూ చీలి ఉన్నాయి. భార్య పురిటి మంచం మీద ఉందని టీచరమ్మతో చెప్పాడు. అందరూ ఆడవాళ్ళే ఉన్న వసారాలో అతనొక్కడే మగవాడు. ఎప్పుడూ వీపు గోడకి ఆనించి, పిల్ల చెయ్యి వదలకుండా కూర్చునేవాడు. చంకలో ఒక గుడ్డసంచి. దాన్ని ఒక్క క్షణమైనా కింద పెట్టేవాడు కాదు.

"ఆ మనిషి చూపు నాకు బాగాలేదమ్మాయ్. ఆ సంచిలో ఏదో ఉంది" అన్నారు అత్తగారు.

చాలాకాలానికి మేమిద్దరం ఒక మాట మీద నిలబడ్డాం. నాకూ అతను నచ్చలేదు. పిల్లకి జలుబు చేసి ఉంటే, ఊపిరికి ప్రమాదమని వెనక్కి పంపాను. టీచరమ్మ ఎంత నచ్చజెప్పినా, మేం కావాలని తిప్పుతున్నామన్నట్టే చూశాడు. జలుబు తగ్గేదాకా అక్కడే ఉండిపొమ్మన్నాం. ఉన్నాడు గానీ, రోజంతా ఆ గోడ దగ్గర నుంచి మమ్మల్ని కనిపెట్టి చూస్తూనే ఉండేవాడు.

పిల్ల మాత్రం మెల్లమెల్లగా స్టూలు దగ్గరికి చేరింది. అత్తగారి కళ్ళద్దాలు తీసి పెట్టుకునేది. ఆవిడ నోళ్ళు పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడి తనూ తొంగి చూసేది. ఆవిడ దానికి పిట్ట అని పేరు పెట్టారు. తండ్రి దానికి ఏదో పేరు పెట్టే ఉంటాడు, అది ఆవిడకి అనవసరం.

పిట్ట వంతు ఆఖరి రోజున వచ్చింది. ఆ సాయంత్రం సామాను పెట్టెల్లో సర్దుకుని మేం బయల్దేరిపోవాలి. వచ్చే ఏడు మా బృందం వేరే ఊరు వెళుతుంది. ఆ రోజు కాకపోతే ఇక ఆ పిల్లకి కుట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మేస్త్రికి ఆ సంగతి తెలుసు, మాకూ తెలుసు.

మొదటి పిల్లాడు బల్ల మీద నిద్రలో ఉండగా కరెంటు పోయింది. జనరేటరు దగ్గి దగ్గి ఆగిపోయింది. నేను రబ్బరు సంచిని చేత్తో పిసుకుతూ వాడికి గాలి అందిస్తున్నాను. నర్సు టార్చి పట్టుకుంటే పెద్ద డాక్టరు కుడుతున్నారు. అలా ఎంతసేపు గడిచిందో. కరెంటు వచ్చి, కుట్లు పూర్తయి, వాడు లేచి ఏడ్చి, నేను చెమట తుడుచుకుని పిట్టని పిలవమనేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆ పిల్ల ముందు రాత్రి నుంచీ ఖాళీ కడుపుతో ఉంది.

తలుపు దగ్గర ముందు నేను వంగి పిల్లని చూస్తాను, అది నా అలవాటు. పిట్ట నన్ను చూసి నవ్వింది. నవ్వితే ముక్కులోంచి తెల్లగా ఒక చుక్క బయటికి వచ్చింది. అంగిలి చీలిన పిల్లలకి నోట్లో పోసింది కొంత ముక్కులోకి వస్తుంది. వేలితో తీసి వాసన చూశాను. పాలు.

నాకు పట్టలేనంత కోపం వచ్చింది. తిన్నగా మేస్త్రి వైపు తిరిగాను. ఏం పెట్టావని టీచరమ్మ చేత అడిగించాను. ఏమీ పెట్టలేదన్నాడు. అత్తగారి వైపు చూసి, ఇతన్ని చూస్తూనే ఉన్నారా అని అడిగాను. చూస్తూనే ఉన్నానన్నారు. గొంతు చిన్నగా వచ్చింది, నేను పట్టించుకోలేదు. సంచి తెరిపించమన్నాను.

అతను తెరవలేదు. పిల్ల చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. టీచరమ్మ రెండోసారి చెప్పాక, సంచి నేల మీద బోర్లించాడు. ఒక తాపీ, గోడ మట్టం చూసే మట్టగోల ఒకటి. కాగితంలో చుట్టిన పిల్ల గౌను, కొత్తది. గౌను మడతలో చిన్న అద్దం. అంతే. తినేది ఏదీ లేదు.

వసారా అంతా చూస్తోంది. అప్పటికైనా నేను ఆగి ఉండాల్సింది. కానీ ముక్కులో పాలున్నాయి, అబద్ధం చెప్పేది పాలు కాదు కదా. టీచరమ్మతో ఇలా చెప్పించాను: ఎప్పుడు పట్టాడో నిజం చెబితే అక్కడి నుంచి గంటలు లెక్కపెట్టి చూస్తాను, చెప్పకపోతే ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో నాకు తెలియదు, పిల్లని తీసుకుని ఇంటికి పోవడమే.

మేస్త్రి టీచరమ్మని చూశాడు, ఆపరేషన్ గది తలుపుని చూశాడు, పిల్లని చూశాడు. తర్వాత తల వంచుకుని ఏదో అన్నాడు.

"తనే పట్టాడట. తెల్లవారకముందు, బయట కొని తెచ్చి పట్టాడట" అంది టీచరమ్మ.

దొంగ దొరికాడు. నా అనుమానం నిజమైనందుకు లోపల ఒక తృప్తి కూడా కలిగింది, ఆ మాట దాచను. తెల్లవారకముందంటే ఆరు గంటలు ఇంకాసేపట్లో నిండుతాయి. మధ్యాహ్నం మొదట్లోనే తీసుకోవచ్చు, మా ప్రయాణానికీ ఇబ్బంది లేదు. నర్సుని పిలిచి ఆ మాటే చెబుతున్నాను.

అత్తగారు స్టూలు మీంచి లేచారు.

"అతను చెప్పేది అబద్ధం" అన్నారు.

"తెలుసత్తయ్యా. ఇంకా ఆలస్యంగా పట్టి ఉంటాడంటారా?"

"అతను పట్టలేదు. నేను పోశాను. నా ఫ్లాస్కులోవి, ఒక మూతెడు."

ఆవిడకి ఆస్పత్రి కాఫీ పడదు. పొద్దున్నే పాలు కాచుకుని ఫ్లాస్కులో పోసుకుని పక్కన పెట్టుకునేవారు. ఆ ఫ్లాస్కు రోజూ నా కళ్ళ ముందే ఉంది. వసారాలో అందరి సంచులూ వెతికించాను గానీ దాని మీదికి నా చూపు పోలేదు.

మా భాష అక్కడ ఎవరికీ తెలియదు. ఆవిడ అన్నది నేను తప్ప ఎవరూ వినలేదు. నాకు ఎంత సులువో ఒక్క క్షణంలో కనిపించింది. ఏదో వంక చెప్పి ఆపరేషన్ని సాయంత్రానికి మార్చేస్తే పిల్లకి ప్రమాదం లేదు, అత్తగారి పరువుకీ లేదు. మేస్త్రి ఎలాగూ నేరం ఒప్పేసుకున్నాడు. పైగా ఈవిడ పరువు కాపాడితే వచ్చే ఏడు నాకు ఎవరు అడ్డు చెబుతారు?

"పాలు తిండి కిందికి రావనుకున్నారేమో. ఉపవాసం రోజున మీరు పాలు తాగుతారు కదా" అన్నాను. మాట అందించాను.

"అనుకోలేదు. ఆరు గంటలని నువ్వు మొదటి రోజే చెప్పావు. నేనే ఎంతమందికో చెప్పాను."

"కరెంటు పోయింది కదా, ఇక ఆపరేషన్ ఉండదనుకుని..."

"అప్పటికి కరెంటు వచ్చేసింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది." ఆవిడ మాట తప్పడం లేదు. "ఏడిస్తే ఊరుకోబెట్టేదాన్ని అమ్మాయ్. ఏడవలేదు. ఏడుపు మానేసి, ఊరికే నా ఫ్లాస్కు వంక చూస్తూ కూచుంది. అతను నీళ్ళ కోసం వెళ్ళాడు. పోసేశాను. తెలిసే పోశాను."

నేను ఫ్లాస్కు వైపు చూశాను.

"టీచరమ్మకి చెప్పు. అందరికీ వినపడేలా చెప్పమను. కంచే చేను మేసిందని చెప్పు" అన్నారు.

చెప్పాను. టీచరమ్మ నా మొహం చూసి, ఆవిడ మొహం చూసి, అప్పుడు వాళ్ళ భాషలో గట్టిగా చెప్పింది. వసారాలో గుసగుసలు లేచాయి. అరటిపండు ముసలావిడ, మనవడి కుట్లు చూపించుకోవడానికి వచ్చి అక్కడే ఉంది. చెంప మీద చెయ్యి వేసుకుని అత్తగారిని తేరిపార చూసింది. అత్తగారు తల దించలేదు, అలాగని ఎత్తనూ లేదు.

మేస్త్రి అంతా విని మళ్ళీ ఏదో అన్నాడు. అబద్ధం చెప్పినందుకు క్షమించమంటున్నాడని టీచరమ్మ చెప్పింది. పట్టలేదని చెబితే పంపించేస్తామన్నామట, అందుకని పట్టానన్నాడట. ఏ తప్పూ చేయని మనిషి నాకు క్షమాపణ చెబుతున్నాడు. అతని మాట నమ్మి మధ్యాహ్నం మత్తు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ అబద్ధం అతని చేత చెప్పించింది నా అనుమానమే. నేల మీది గౌనూ అద్దమూ నేనే తీసి సంచిలో పెట్టి ఇచ్చాను. క్షమించమని టీచరమ్మ చేత అడిగించాను. అతను సంచి పుచ్చుకుని మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

పెద్ద డాక్టరు గడియారం చూసుకుని గొణిగారు. సామాను లారీ సాయంత్రం వస్తుంది. చివరికి ఒక్క బల్లా, నా మిషనూ విడిచిపెట్టి మిగతాదంతా సర్దించమన్నారు. నువ్వు నిద్రపుచ్చుతానంటే నేను కుడతానన్నారు.

ఆ తర్వాత గంటలు అత్తగారు స్టూలు మీదే కూర్చున్నారు. వెళ్ళి పడుకోమంటే వెళ్ళలేదు. మేస్త్రి పిల్లని తీసుకుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు. అంతకుముందు మా అందరినీ చూసేవాడు. ఇప్పుడు ఆవిడ చేతుల్ని మాత్రమే చూస్తున్నాడు. పోలీసుకి పోలీసు. నర్సు ఒకమ్మాయికి కోపం వచ్చి అతన్ని అవతలికి వెళ్ళమనబోతే నేను ఆపాను. అత్తగారు ఫ్లాస్కు నాకిచ్చేసి, అరచేతులు రెండూ పైకి తిప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నారు, అతనికి కనపడేలా. పిట్ట ఒకసారి ఆవిడ దగ్గరికి పరిగెత్తబోయింది. తండ్రి వదల్లేదు. ఆవిడ కూడా రమ్మనలేదు.

వేళ అయ్యాక పిల్లని తీసుకెళ్ళడానికి బయటికి వచ్చాను. లోపలికి పోయే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది, నోట్లో ఏమైనా పెట్టారా అని. మేస్త్రిని అడిగించాను. అతను అత్తగారి వైపు వేలు చూపించాడు. ఆమెనే అడగమంటున్నాడంది టీచరమ్మ.

"ఏమైనా పెట్టారా అత్తయ్యా?"

"ఏమీ పెట్టలేదు."

పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళాను. నోరు వాసన చూడలేదు.

పెదవి చక్కగా కలిసింది. అంగిలికి ఇంకో ఆపరేషన్ కావాలి, అది ఎక్కడ చేయించుకోవాలో టీచరమ్మకి వివరంగా చెప్పాం. మేం లారీ వెనకాల బయల్దేరేసరికి పిట్ట తండ్రి భుజం మీద పడి సన్నగా ఏడుస్తోంది. ఏడుస్తున్నా ఆ మొహం కొత్త మొహం. మేస్త్రి మమ్మల్ని సాగనంపడానికి లేవలేదు, పిల్ల కదులుతుందని. అత్తగారు దూరం నుంచే చూసి కారెక్కారు. ఆ సాయంత్రం కొడుక్కి ఫోను చేయలేదు.

విమానం ఎక్కగానే ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నేనూ కదిలించలేదు. నిజం చెప్పాలంటే నాకు భయంగానే ఉంది. ఒకరి ముందు చిన్నబోయిన మనిషి, ఆ చూసినవాళ్ళని క్షమించడం కష్టం. నలుగురిలో ఆవిడ మాటని అందరికీ చేరేలా చెప్పించింది నేను. తీర్పు ఆవిడ చేతిలో ఉంది. ఇంటికెళ్ళాక వద్దు అన్న రెండక్షరాలు చాలు, నా పని అక్కడితో సరి.

ఇంటికి చేరిన మర్నాడు భోజనాల దగ్గర మా ఆయన మెల్లగా కదిపారు.

"ఏమ్మా, చూసొచ్చావుగా. ఏమంటావు? వచ్చే ఏడు వెళ్ళొచ్చంటావా?"

అత్తగారు కంచంలోంచి తలెత్తకుండా అన్నం కలుపుతున్నారు.

"అది వెళ్ళాలో వద్దో చెప్పడానికి నువ్వెవడివి, నేనెవర్నిరా? నన్ను మళ్ళీ ఆ తలుపు దగ్గర కూచోబెడుతుందేమో అడుగు."

మా ఆయన వడ్డించుకుంటున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆయన నావైపు తిరిగారు. ఆవిడా తలెత్తి నావైపే చూశారు. ఆ ఇంట్లో నా జవాబు కోసం ఆవిడ ఎదురుచూడటం అదే మొదటిసారి. ఏడుపొస్తుందేమోనని భయపడ్డాను.

"కూచోబెడతాను" అన్నాను.

"జాలిపడి చెప్పకు."

"జాలి కాదత్తయ్యా. అబద్ధం నేనే రెండుసార్లు మీ చేతికి అందించాను. మీరు పుచ్చుకోలేదు. ఆ తలుపు దగ్గర నాకు అలాంటి మనిషే కావాలి."

 ఆవిడ కలిపిన అన్నం ముద్ద చేసుకుని తిన్నారు.

"ఏం అబద్ధం?" అన్నారు మా ఆయన. "అక్కడ ఏం జరిగింది?"

అత్తగారు నన్ను చూశారు. నేను పెరుగు గిన్నె ఆవిడ వైపు జరిపాను. మా ఇద్దరిలో ఎవరూ ఆయనకి జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఆయన మా ఇద్దరినీ ఒకే రకం అనుమానంతో చూస్తున్నారు.